కిటికీలో దీపం: యూదు వ్యతిరేకత నడుమ పెరిగే పిల్లలకు, వారి కుటుంబాలకు ఆసరా

యూదు వ్యతిరేకతపై వెలువడిన గ్రంథాలలో అధికభాగం ద్వేషించేవారిని గురించినవే. ఆ ద్వేషం ఎక్కడ పుట్టింది, ఏ మతబోధలో వేళ్లూనుకుంది, ఏ రాజకీయం దానికి నీరు పోసింది, చట్టాల రూపం నుంచి మారణహోమం దాకా ఎలా పరిణమించింది అన్న ప్రశ్నలకు చరిత్రకారులు తరతరాలుగా సమాధానాలు వెతుకుతూనే ఉన్నారు. అయితే బడిలో తోటి విద్యార్థి అన్న మాటను మనసులో పెట్టుకుని సాయంత్రం ఇంటికి వచ్చిన పన్నెండేళ్ల యూదు బాలికకు ఆ రాత్రి తల్లిదండ్రులు ఏమి చెప్పాలి, మర్నాడు బడి ఏమి చేయాలి అన్న ప్రశ్న ఆ గ్రంథాలలో చాలావరకు అధోజ్ఞాపికల్లోనే ఉండిపోయింది. ఈ ఉపన్యాసం చేపట్టినది ఆ రెండో ప్రశ్నను.

యూదులను యూదులు అయినందుకే ద్వేషించడం, అనుమానించడం, వెలివేయడం, వారిపై దాడికి దిగడం యూదు వ్యతిరేకత. మధ్యయుగపు ఐరోపాలో ఇది ప్రధానంగా మతద్వేషం. క్రీస్తు మరణానికి యూదులందరూ బాధ్యులన్న నింద దానికి ఆధారం కాగా, బాప్తిస్మం పుచ్చుకున్నవారికి దాని నుంచి కొంతైనా విడుదల దొరికేది. విల్హెల్మ్ మార్ అనే జర్మన్ పాత్రికేయుడు 1879లో 'యాంటీసెమిటిజం' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చేనాటికి అది జాతిద్వేషంగా మారి, మతం మార్చుకున్నా వదలనిదయింది. ఈ రెండింటితోపాటు మరో లక్షణాన్ని గమనించకపోతే పిల్లల కష్టం అర్థం కాదు. చాలా రకాల దురభిప్రాయాలు ఎదుటివారిని తక్కువవారిగా చూస్తాయి. యూదు వ్యతిరేకత తక్కువ చేసి చూస్తూనే, బ్యాంకులను, పత్రికలను, ప్రభుత్వాలను తెరవెనుక నుంచి ఆడించే మహాశక్తిమంతులుగా కూడా వారిని చిత్రిస్తుంది. అందువల్ల తరగతిలో వేధింపులకు గురైన యూదు బాలుడు చాలామంది ఉపాధ్యాయుల కంటికి బాధితుడిగా ఆనడు. కలిగిన ఇంటి బిడ్డ, బాగా చదువుతాడు, వీడికేం తక్కువ అన్న ధోరణి ఫిర్యాదును మొదటి మెట్టు మీదే ఆపేస్తుంది. పైగా ఆ ధోరణిలో కూడా పాత అపోహ ఛాయ ఉందన్న సంగతి ఆ ఉపాధ్యాయులకు తట్టదు.

డిసెంబరు ప్రాంతంలో వచ్చే హనుక్కా పండుగకు యూదులు ఎనిమిది రాత్రులు, రోజుకొకటి చొప్పున పెంచుతూ దీపాలు వెలిగిస్తారు. ఆ దీపస్తంభాన్ని మెనోరా అంటారు. యూదుల ధర్మశాస్త్ర చర్చల సంకలనమైన తాల్ముద్ ఆ దీపాన్ని ఎక్కడ పెట్టాలో కూడా నిర్దేశిస్తుంది: వీధివాకిట పెట్టాలి, మేడమీద కాపురం ఉండేవారు వీధివైపు కిటికీలో పెట్టాలి, దారిన పోయేవారికి కనిపించాలి. వెంటనే ఒక మినహాయింపు కూడా ఉంది. ప్రమాదకాలంలో దీపాన్ని ఇంటిలోపల బల్లమీద పెట్టుకుంటే చాలు. తన ఉనికిని వెల్లడించుకొమ్మని చెప్పిన శాస్త్రమే, ప్రాణం మీదికి వస్తే దాచుకోవడంలో దోషం లేదని కూడా చెప్పింది. నేడు మనస్తత్వ నిపుణులు, సమాజసేవకులు, రబ్బీలు అనబడే మతాచార్యులు యూదు కుటుంబాలతో జరిపే సంభాషణ చాలావరకు ఈ పాత ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: కిటికీలోనా, బల్లమీదా?

అమెరికాలోని మొంటానా రాష్ట్రంలో బిల్లింగ్స్ అనే పట్టణంలో 1993 డిసెంబరులో ఈ ప్రశ్న ఊరంతటికీ ఎదురైంది. యూదు జనాభా వేళ్లమీద లెక్కించదగినంత ఉన్న ఆ ఊళ్లో ఒక అయిదేళ్ల బాలుడి పడకగది కిటికీకి మెనోరా బొమ్మ అంటించి ఉండగా, రాత్రివేళ ఎవరో దాని మీదికి రాయి విసిరి అద్దం పగలగొట్టారు. విచారణకు వచ్చిన పోలీసు అధికారి ఆ బొమ్మలను తీసేయడం మంచిదని సలహా ఇచ్చాడు. సలహాలో దురుద్దేశం లేదు. అయితే మనం ఎవరమో దాచుకోవాలని కొడుకుకు ఎలా చెప్పగలనని ఆ తల్లి అడిగిన ప్రశ్న స్థానిక పత్రికలో అచ్చయింది. దాన్ని చదివిన ఒక క్రైస్తవ మహిళ తన చర్చి పాస్టర్‌కు ఫోన్ చేసి, ఆదివారం బడి పిల్లల చేత మెనోరాలు గీయించి వారి వారి ఇళ్ల కిటికీలకు పెట్టిద్దామని సూచించింది. ఇతర చర్చిలు అందుకున్నాయి. బిల్లింగ్స్ గెజెట్ పత్రిక ఒక పూర్తి పేజీ మెనోరా బొమ్మను అచ్చువేసింది. క్రిస్మస్ నాటికి వేల ఇళ్ల కిటికీలలో ఆ బొమ్మ వెలిసింది. క్రైస్తవుల ఇళ్ల అద్దాలు కూడా కొన్ని పగిలాయి. బొమ్మల సంఖ్య మాత్రం తగ్గలేదు, దాడులే తగ్గాయి.

మెనోరాలు గీయిద్దామన్న ఆ క్రైస్తవ మహిళకు స్ఫూర్తినిచ్చినది నాజీ ఆక్రమణ కాలంలో డెన్మార్క్ రాజు, నాజీలు యూదుల చేత బలవంతంగా ధరింపజేసిన పసుపు నక్షత్రాన్ని తానూ ధరించాడన్న కథ. అది కట్టుకథ, డెన్మార్క్‌లో యూదుల చేత ఆ నక్షత్రాన్ని ధరింపజేయనే లేదు. 1943 అక్టోబరులో అక్కడి సాధారణ ప్రజలు ఏడు వేల మందికి పైగా యూదులను పడవల్లో స్వీడన్‌కు దాటించింది మాత్రం నిజం. కట్టుకథ కూడా అప్పుడప్పుడు మంచి పని చేస్తుంది.

బిల్లింగ్స్ ఉదాహరణను పోలిన ప్రతి ప్రయత్నమూ అంత ఫలించలేదు. 2019 మే నెలలో జర్మనీ ప్రభుత్వపు యూదు వ్యతిరేకతా నివారణ కమిషనర్, యూదు పురుషులు నెత్తిన పెట్టుకునే చిన్న టోపీ అయిన కిప్పాను దేశంలో అన్ని చోట్లా, అన్ని వేళలా ధరించమని సలహా ఇవ్వలేనని ప్రకటించినప్పుడు, బిల్డ్ పత్రిక కత్తిరించి ధరించడానికి వీలైన కాగితపు కిప్పాను మొదటి పేజీలో అచ్చువేసింది. సంకల్పం మంచిదే. కానీ బిల్లింగ్స్ ఇరుగుపొరుగు చేసిన పని వేరు: వారు తమ ఇంటి అద్దాలను కూడా ప్రమాదంలో పెట్టారు, ఆ కుటుంబం మీద పడే రాయిలో వాటా తీసుకున్నారు. సంఘీభావాన్ని బేరీజు వేయడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు.

దాచుకోవడం ఎంత విస్తృతమో ఐరోపా సమాఖ్య ప్రాథమిక హక్కుల సంస్థ 2024లో ప్రకటించిన సర్వే తెలుపుతుంది. 13 దేశాలలో సుమారు 8,000 మంది యూదులను అడగగా, 76 శాతం మంది అప్పుడప్పుడైనా తమ యూదు గుర్తింపును మరుగుపరుస్తామన్నారు. 34 శాతం మంది భయం వల్ల యూదుల వేడుకలకు, ప్రదేశాలకు దూరంగా ఉంటామన్నారు. ఆ సర్వే 2023 ప్రథమార్ధంలో, అంటే అదే ఏడాది అక్టోబరులో ఇజ్రాయెల్‌పై హమాస్ దాడికి, తదనంతర యుద్ధానికి ముందు జరిగింది. అమెరికాలో 1979 నుంచి ఇలాంటి ఘటనలను లెక్కిస్తున్న యాంటీ డిఫమేషన్ లీగ్ అనే సంస్థ 2024లో 9,354 ఘటనలను నమోదు చేసింది. వీటిలో ఇజ్రాయెల్‌పై నిరసనలకు సంబంధించిన వాటిని లెక్కించే పద్ధతిపై వాదోపవాదాలున్నా, జనాభాలో రెండు శాతానికి కాస్త పైగా ఉన్న యూదులు మతద్వేష నేరాలలో సగానికి మించి బాధితులన్న సంగతిని ఆ దేశపు దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ గణాంకాలు ఏటేటా ధ్రువపరుస్తూనే ఉన్నాయి.

ఇంటిలోపల జరగవలసిన పనిని గురించి తొలినాళ్లలోనే స్పష్టంగా ఆలోచించినవాడు కర్ట్ లెవిన్. 1890లో నాటి ప్రష్యాలో జన్మించి, బెర్లిన్‌లో ఆచార్యుడై, 1933లో హిట్లర్ అధికారానికి రావడంతో అమెరికా చేరుకున్న ఈ యూదు మనస్తత్వ శాస్త్రవేత్త సామాజిక మనస్తత్వ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకడు. అతని తల్లి నాజీల మారణహోమానికి బలయింది. యూదు బిడ్డ పెంపకాన్ని గురించి 1940లో ప్రచురించిన వ్యాసంలో అతడు ఆనాటి సుఖజీవులైన యూదు తల్లిదండ్రుల అలవాటును నిశితంగా ప్రశ్నించాడు. వారు పిల్లలకు తాము యూదులమన్న సంగతిని వీలైనంత ఆలస్యంగా, వీలైనంత తేలికగా చెప్పేవారు. వయసు వచ్చాక తెలుసుకుంటారులే, ఇప్పటినుంచే ఆ భారం ఎందుకని వారి ఉద్దేశం. ఫలితంగా బిడ్డకు తాను యూదునని తెలిసేది ఇంట్లో కాదు, వీధిలో, అదీ తిట్టు రూపంలో. ఒక బిడ్డ ఒకేసారి అమెరికన్, యూదు, ఒక ఊరివాడు కావడంలో ఏ ఇబ్బందీ లేదని, తాను ఎక్కడి వాడో తేలకపోవడమే మనసును కుంగదీస్తుందని లెవిన్ వాదన.

అతడు చెప్పిన మరో విషయాన్ని నేటికీ చాలా కుటుంబాలు పాటించలేకపోతున్నాయి. నువ్వు బుద్ధిగా ఉంటే, గట్టిగా మాట్లాడకుండా ఉంటే, అందరికన్నా బాగా చదివితే ఎవరూ ఏమీ అనరని పిల్లలకు చెప్పడం తప్పని అతడు హెచ్చరించాడు. ద్వేషం బాధితుడి నడవడిని బట్టి రాదు కనుక, ఈ బోధ విన్న బిడ్డ ఏ అవమానం జరిగినా తప్పు తనలోనే వెతుక్కుంటుంది. ఇది సమాజపు సమస్య, నీ సమస్య కాదని ముందే తెలిసిన బిడ్డ అదే అవమానాన్ని వేరుగా మోస్తుంది.

పిల్లలకు తామెవరో, లోకం ఎలాంటిదో ఎలా చెప్పాలన్న ఇదే ప్రశ్నపై అమెరికాలో ప్రధానంగా నల్లజాతి, లాటినో కుటుంబాలలో జరిగిన పరిశోధనలను మనస్తత్వ శాస్త్రవేత్త డయాన్ హ్యూస్, ఆమె సహచరులు 2006లో సమీక్షించారు. తమ సంస్కృతిని, చరిత్రను, పండుగలను నేర్పడం ఒక రకం పెంపకం. లోకంలో ఎదురయ్యే వివక్షకు ముందుగా సిద్ధపరచడం మరో రకం. ఇతరులెవరినీ నమ్మవద్దని నూరిపోయడం ఇంకొకటి. మొదటిది పిల్లల ఆత్మగౌరవానికి మేలు చేస్తున్నట్టు అధ్యయనాలు తరచుగా తేల్చాయి. రెండోదాని ఫలితం మోతాదును బట్టి మారింది. మూడోదాన్ని సమర్థించే ఆధారం దాదాపుగా లేదు. ఈ ఫలితాలను యూదు కుటుంబాలకు యథాతథంగా వర్తింపజేయకూడదు, ఎందుకంటే చర్మం రంగును దాచలేరు, మెడలోని యూదు చిహ్నమైన దావీదు నక్షత్రాన్ని చొక్కాలోకి తోసేయవచ్చు, దాచే వీలు ఉండటమే ఇక్కడ ఒక ప్రత్యేకమైన వేదన. అయినా వరుస క్రమం మాత్రం లెవిన్ చెప్పినదే: ముందు శుక్రవారం సాయంత్రపు విశ్రాంతిదిన భోజనం, ఆ తరువాతే ద్వేషాన్ని గురించిన పాఠం. హోలోకాస్ట్ అనబడే నాజీ మారణహోమమే యూదు చరిత్రలో పిల్లలకు మొదటగా తెలిసే సంగతి అయితే, యూదుగా ఉండటమంటే చంపబడటమేనని వారు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ పనికి యూదు సంప్రదాయంలో ఒక సాధనం సిద్ధంగా ఉంది. తెలుగు బైబిలు నిర్గమకాండం చదివినవారికి పరిచయమైన పస్కా పండుగ రాత్రి, సెదెర్ అనే విందులో, ఇంట్లో అందరికన్నా చిన్నబిడ్డ ఈ రాత్రి మిగతా రాత్రులకన్నా ఎందుకు వేరన్న ప్రశ్నలు అడుగుతుంది. పెద్దలు ఐగుప్తు దాస్యాన్ని, విముక్తిని కథగా చెబుతారు. దాస్యపు కన్నీటికి గుర్తుగా ఉప్పునీరు, చేదుకు గుర్తుగా చేదు ఆకులు బల్లమీదే ఉంటాయి, వాటి పక్కనే తీపి పదార్థమూ ఉంటుంది. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ కుటుంబ చరిత్ర తెలిసిన పిల్లలపై జరిపిన అధ్యయనాలు, తాతముత్తాతల కష్టసుఖాల కథలు ఎక్కువగా తెలిసిన పిల్లలలో మానసిక స్థైర్యం ఎక్కువగా ఉంటుందని సూచించాయి. కథలో ఎత్తులూ పల్లాలూ రెండూ ఉండాలన్నది వారి మాట. సెదెర్ బల్ల ఆ సంగతిని అంతకు చాలా ముందే గ్రహించింది.

అన్ని కుటుంబాలకూ ఈ బల్ల దక్కలేదు. 1991 తరువాత పూర్వపు సోవియట్ దేశాల నుంచి జర్మనీకి వలస వచ్చిన యూదులే నేడు అక్కడి యూదు సంఘాలలో అధిక సంఖ్యాకులు. సోవియట్ గుర్తింపుపత్రంలో అయిదో గడిలో 'యూదు' అన్న జాతి నమోదై ఉండేది. దానివల్ల కళాశాల సీటు, ఉద్యోగం చేజారేవి. అదే సమయంలో మతాచారం ఇంట్లో నిలిచే అవకాశమే లేకపోయింది. అలా యూదుతనాన్ని పండుగగా కాక ముద్రగా మాత్రమే ఎరిగిన అమ్మమ్మ, జర్మన్ బడిలో 'యూదుగాడా' అన్న మాట తిట్టుగా వినబడుతున్న మనవడితో ఎవరికీ చెప్పకు, నోరు మూసుకో అంటుంది. ఆమె అనుభవం ఆమెను బతికించింది, కనుక ఆ సలహాను మూర్ఖత్వమని తోసిపుచ్చడం అన్యాయం. తల్లి మాత్రం ఫిర్యాదు చేయాలంటుంది. మనవడు ఇద్దరికీ చెప్పడం మానేస్తాడు. బెర్లిన్‌లో మొదలైన ఒఫెక్ వంటి సలహా కేంద్రాలు ఇలాంటి కుటుంబాలకు మానసిక, న్యాయ సహాయం కలిపి అందిస్తున్నాయి. ఒక్కొక్క తరం భయానికి ఒక్కొక్క కారణం ఉందని ఇంటిల్లిపాదీ ఒకరి ముందు ఒకరు చెప్పుకోగలగడం అలాంటి సహాయానికి తొలి మెట్టు.

ఇల్లు ఎంత బాగా సిద్ధపరిచినా, బడి తన పని చేయకపోతే ఆ సిద్ధపాటు అంతా బిడ్డ నెత్తిన మరో బరువవుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని పైన్ బుష్ పాఠశాలల వ్యవహారం ఇందుకు నమోదైన సాక్ష్యం. యూదు విద్యార్థుల మీద నాణేలు విసిరి ఏరుకొమ్మనడం, గోడల మీద, బల్లల మీద నాజీ చిహ్నం గీయడం, మారణహోమంపై హాస్యాలాడటం సంవత్సరాల తరబడి సాగాయని, చెప్పినా అధికారులు సరిగా పట్టించుకోలేదని అయిదుగురు విద్యార్థుల తరఫున 2012లో దావా పడింది; 2015లో 44.8 లక్షల డాలర్ల పరిహారానికి, పాఠ్యక్రమంలో, శిక్షణలో మార్పులకు ఒప్పుకుని పాఠశాలల యాజమాన్యం రాజీ చేసుకుంది. అమెరికా 1964 పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో జాతి, వర్ణ, జాతీయ మూల వివక్షను నిషేధిస్తుంది. మతం ఆ జాబితాలో లేదు. అయితే ఉమ్మడి వంశమూలాన్ని బట్టి వేధింపులకు గురయ్యే యూదులు, సిక్కులు, ముస్లింలు కూడా దాని రక్షణలోకి వస్తారని 2004 నుంచి అక్కడి విద్యాశాఖ అన్వయిస్తోంది. దావా వేసే స్థోమత అందరికీ ఉండదు. కానీ జరిగినదాన్ని తేదీ, వేళ, అన్న మాటలు అన్నట్టుగా, విన్నవారి పేర్లతో అదే రాత్రి రాసిపెట్టుకోవడం, ఫోన్‌లో వచ్చినదాన్ని చెరిపేయకుండా చిత్రం తీసి ఉంచడం, బడికి నోటిమాటగా కాక లిఖితపూర్వకంగా తెలియజేయడం ఏ తల్లిదండ్రులైనా చేయగలరు. బ్రిటన్‌లో కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్ అనే యూదు ధర్మసంస్థ ఇలాంటి ఫిర్యాదులను స్వీకరించి, బాధితుల వెంట నడుస్తుంది.

పిల్లలనే రాయబారులుగా పంపే మార్గం ఒకటి స్విట్జర్లాండ్‌లో పుట్టింది. లిక్రాత్ అనే ఆ కార్యక్రమంలో శిక్షణ పొందిన యూదు యువకులు ఇతర బడుల తరగతి గదులకు వెళ్లి, తమ వయసువారే అడిగే ఎలాంటి ప్రశ్నకైనా జవాబిస్తారు. జర్మనీలోనూ ఆ నమూనా వ్యాపించింది. పరస్పర పరిచయం అపోహను తగ్గిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఇది చక్కని ఆచరణ రూపం. అయితే శిక్షణ పొంది, జతగా, ఇష్టపడి వెళ్లిన పదిహేడేళ్ల యువతికీ, తరగతిలో ఒక్కతే యూదు బాలిక కావడం వల్ల చరిత్ర పాఠం రాగానే అందరి చూపూ తనవైపు తిరిగే పన్నెండేళ్ల పిల్లకూ చాలా దూరం ఉంది. రెండో పరిస్థితిని కల్పించే ఉపాధ్యాయుడు ఎంత సదుద్దేశంతో చేసినా అది అపచారమే.

2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్ నగరంలోని స్క్విరెల్ హిల్ పేటలో ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్ అనే ప్రార్థనామందిరంలో ఒక దుండగుడు 11 మందిని కాల్చిచంపాడు. ఆ సాయంత్రమే పక్కనున్న హైస్కూలు విద్యార్థులు కూడలిలో కొవ్వొత్తుల సభ జరిపారు. వారంలోపే స్థానిక దినపత్రిక, చనిపోయినవారి కోసం చేసే కద్దిష్ ప్రార్థన తొలి పదాలను హీబ్రూ లిపిలోనే పతాకశీర్షికగా అచ్చువేసింది. ఇవి తక్షణ స్పందనలు. అసలు పని ఆ తరువాత, కెమెరాలు వెళ్లిపోయాక మొదలైంది. దాడి తేదీనే పేరులో పెట్టుకున్న 10.27 హీలింగ్ పార్ట్‌నర్‌షిప్ అనే కేంద్రం 2019లో ఏర్పడి, చికిత్స అవసరమైనవారికే కాక ఊరికే వచ్చి కూర్చోవాలనుకున్నవారికి కూడా తలుపు తెరిచింది. ఇలాంటి గాయం వెంటనే తేలదన్న అవగాహన దాని వెనుక ఉంది. న్యాయస్థానంలో విచారణ 2023 దాకా సాగి, ప్రతి వాయిదా, ప్రతి వార్షికదినం పాత గాయాన్ని కెలికాయి. చిన్నపిల్లలకు దృశ్యాలను పదేపదే చూపకపోవడం, దినచర్యను చెదరనీయకపోవడం, నిన్ను కాపాడటానికి ఎవరెవరు ఏమేమి చేస్తున్నారో పేరుపేరునా చెప్పడం మేలు చేస్తాయి. కౌమారంలో ఉన్నవారికి ఓదార్పు కన్నా చేయడానికి ఒక పని ఎక్కువ ఉపకరిస్తుంది.

2023 అక్టోబరు 7న పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ జరిపిన దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది హతులయ్యారు. తదనంతర యుద్ధంలో గాజాలో పదుల వేల పాలస్తీనీయులు ప్రాణాలు కోల్పోయారు. అప్పటినుంచి ఇతర దేశాల్లోని యూదు యువతను ఎక్కువగా వేధిస్తున్నది వారు ఓటు వేయని ప్రభుత్వం చేసిన పనులకు సంజాయిషీ అడగడం. ఏ ప్రభుత్వాన్నైనా విమర్శించినట్టే ఇజ్రాయెల్ ప్రభుత్వాన్నీ విమర్శించవచ్చు, పాలస్తీనీయుల దుఃఖాన్ని చెప్పుకోవచ్చు, అది ద్వేషం కాదు. సరిహద్దు ఎక్కడన్న విషయంలో యూదు వ్యతిరేకతకు అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మృతి కూటమి 2016లో ఇచ్చిన నిర్వచనానికీ, 2021 నాటి జెరూసలేం ప్రకటనకూ మధ్య పండితులలోనే తగవుంది. కానీ క్లబ్బులో చేరాలంటే ముందు నీ వైఖరి చెప్పు అని యూదు విద్యార్థిని మాత్రమే నిలదీయడం ఏ నిర్వచనం ప్రకారం చూసినా వివక్షే. యూదు యువతలోనే ఈ యుద్ధంపై తీవ్రమైన భేదాలున్నాయి. తల్లిదండ్రులతో విభేదించిన కూతురికి ఇంటి బల్ల దగ్గర చోటు పోయిందంటే, ఆమెను కాపాడే చివరి చోటూ పోయినట్టే. ఈ సంగతిని యూదు సంస్థలలో కొన్ని ఇంకా గ్రహించలేదు.

తెలుగువారికి ఈ విషయం అనుకున్నంత దూరమైనది కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే పేరుతో కొన్ని మాదిగ కుటుంబాలు దశాబ్దాలుగా యూదు ఆచారాలను పాటిస్తూ, చిన్న సినగాగ్‌ను నడుపుతున్నాయి; పరిశోధకులు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వారిపై ఒక గ్రంథం ప్రచురించారు. భారతదేశంలో యూదులకు స్థానిక సమాజం నుంచి హింస ఎదురుకాలేదన్న గర్వం సబబైనదే, అయితే 2008 నవంబరు ఉగ్రదాడుల్లో ముంబయిలోని యూదు కేంద్రమైన నారీమన్ హౌస్‌లో హతులైన ఆరుగురిని ఆ గర్వం మరచిపోకూడదు. ఇంట్లో కఠినంగా ఉండే పెద్దన్నను మురిపెంగా హిట్లర్ అనడం, ఆ పేరుతో 1997లో చిరంజీవి సినిమా రావడం, హిట్లర్ ఆత్మకథ తెలుగు అనువాదం వ్యక్తిత్వ వికాస పుస్తకాల సరసన అమ్ముడుపోవడం ఇక్కడ ఎవరికీ ఎబ్బెట్టుగా తోచవు. దురుద్దేశం లేకపోవచ్చు, కానీ ఈ వాతావరణంలో పెరిగిన పిల్లవాడు అమెరికాలో న్యూజెర్సీ బడిలో అదే మాట అంటే పక్క బెంచీలోని యూదు బాలుడికి ఏమి వినబడుతుందో అతనికి చెప్పవలసినది పెద్దలే. గృహప్రవేశానికి గుమ్మం మీద దిద్దే, నాజీ చిహ్నాన్ని పోలి కనిపించే స్వస్తికం విషయంలో ఇరుపక్షాలూ ఇప్పటికే కొంత దూరం నడిచాయి: 2008లో జెరూసలేంలో జరిగిన హిందూ, యూదు మతనాయకుల సమావేశం ఆ చిహ్నపు ప్రాచీన శుభార్థాన్ని గుర్తించగా, 2022లో కాలిఫోర్నియా చట్టం నాజీ గుర్తును వేరుచేసి పేర్కొంది. ఆ ఓపికైన సంభాషణను ఇంటి గుమ్మం దగ్గర కొనసాగించే బాధ్యత ఇరుగుపొరుగులది.

అమెరికా తెలుగువారి తొలి తీర్థాలలో ఒకటైన వేంకటేశ్వరాలయం ఉన్న పిట్స్‌బర్గ్ లోనే ట్రీ ఆఫ్ లైఫ్ కూడా ఉంది. అక్కడి తెలుగు పిల్లలు, యూదు పిల్లలు ఒకే తరగతుల్లో చదువుతున్నారు. వారాంతపు తెలుగు బడులు నడిపేవారు, తల్లిదండ్రుల సంఘాలలో ఉన్నవారు చేయగలిగిన పని ఒకటుంది: తరగతిలో యూదు విద్యార్థికి అవమానం జరిగిందని ఒక కుటుంబం ప్రధానోపాధ్యాయుడికి లేఖ రాసినప్పుడు, ఆ లేఖ కింద ఒక్క యూదు సంతకమే ఉండకుండా చూడాలి. రేపు తెలుగు బిడ్డ నుదుటి బొట్టును ఎవరైనా వెక్కిరించినప్పుడు ఆ కుటుంబం సంతకం చేస్తుందా లేదా అని లెక్క చూసుకోకుండా సంతకం చేయాలి.